మందు పూసిన స్టెంటు, ఉబ్బిన ధమని

ఉగాదినాడు సంఘ భవనంలో పంచాంగ శ్రవణం ముగిసి పెద్దలు నలుగురు ఒకచోట చేరినప్పుడు పూర్వం వానల సంగతి, ధరల సంగతి, పిల్లల సంబంధాల సంగతి మాటలలోకి వచ్చేవి. ఇటీవలి సంవత్సరాలలో వాటి సరసన మరొక మాట వచ్చి కూర్చున్నది. "మా అన్నయ్యకు స్టెంటు వేసినారు", "మా వియ్యంకుడిగారికి రెండు వేసినారట" అనే మాట వినబడని గుంపు లేదు. దానినే స్ప్రింగు అనేవారు కూడ ఉన్నారు. వేయించుకొన్నవారు కొద్దిరోజులలో లేచి తిరుగుతూ, కొన్ని నెలలకు రైలెక్కి స్వగ్రామం పోయి వస్తూ ఉండడం చూచి, ఇది పుచ్చిన పంటికి సిమెంటు పెట్టించుకొన్నంత సులువైన పని అని మనలో చాలమందికి ఒక అభిప్రాయం ఏర్పడినది.

ఆ అభిప్రాయం చాలవరకు తప్పు కాదు. కాని ఈ చిన్న లోహపు గొట్టం వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. అందులో ఒక ప్రకరణాన్ని గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడుకోరు. మూసుకొనిపోయిన నాళాన్ని తెరచి ఉంచడానికి పెట్టిన మందు స్టెంటు, కొద్దిమందిలో ఆ నాళాన్నే బుడగవలె ఉబ్బించినది. మేము వైద్యులం కాము. ఏ మందు వాడవలెనో, ఏది మానవలెనో చెప్పే అధికారం మాకు లేదు. ఈ ఉబ్బు ఎట్లా బయటపడినది, దాని కారణం ఏమని పెద్దలు నిర్ణయించినారు అనే కథను మాత్రం మాకు తెలిసినంతలో చెప్పదలచినాము.

గుండె కండకు రక్తం పోసే ధమనులు గుండె పైభాగాన తీగలవలె అల్లుకొని ఉంటవి. వాటిలో పెద్దదాని లోపలి వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే పెసరగింజంత. అంత సన్నని దారిలో కొవ్వు పేరుకొంటే నొప్పి, పూర్తిగా మూసుకొంటే గుండెపోటు. ఇది అందరకు తెలిసినదే. దీనికి తలక్రిందులైన మరొక వ్యాధి కూడ ఉన్నది. నాళపు గోడ ఒకచోట బలహీనపడి బయటికి ఉబ్బుతుంది. సైకిలు టైరు చిరిగినచోట ట్యూబు బుడగకట్టి పైకి తేలడం మనం చూడనిది కాదు. వైద్యులు దీనిని ఎన్యూరిజం అంటారు. ప్రక్కనున్న బాగైన భాగం కంటె ఒకటిన్నర రెట్లకు మించి వెడల్పైతే ఆ పేరు వర్తిస్తుందని ఒక కొలత పెట్టుకొన్నారు.

ఈ వ్యాధి స్టెంటుతో పుట్టినది కాదు. 1761లో ఇటలీలోని పాదువా ఆచార్యుడు మోర్గాన్యీ దీనిని వర్ణించినట్లు వైద్యగ్రంథాలు చెప్పుతున్నవి. 1967లో జపానులో టోమిసాకు కవసాకీ అనే పిల్లల వైద్యుడు ఒక కొత్త జ్వరాన్ని గురించి వ్రాసినాడు. ఆ జ్వరం తగిలి చికిత్స లేకపోయిన పిల్లలలో సుమారు నాలుగవవంతు మందికి గుండె ధమనులు ఉబ్బుతవని తరువాత తేలినది. పెద్దలలో సాధారణ కారణం ధమనులలో కొవ్వు పేరుకొనే జబ్బే. అమెరికాలో 20,087 మంది రోగుల ధమనుల చిత్రాలు పరిశీలించి 1983లో ప్రకటించిన ఒక లెక్కలో 978 మందికి, అంటే నూటికి సుమారు అయిదుగురికి, ఇటువంటి ఉబ్బు కనబడినది. వీరెవ్వరికీ స్టెంటు లేదు. అప్పటికి గుండెకు స్టెంటు అనేదే రాలేదు. ఇది గుర్తుంచుకొని ముందుకు పోవలెను. లేకపోతే ప్రతి ఉబ్బుకు స్టెంటునే దోషిగా నిలబెట్టే ప్రమాదం ఉన్నది.

ఇక ధమనులను తెరిచే ప్రయత్నం సంగతి. 1964 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లండ్ నగరాన చార్లెస్ డాటర్ అనే వైద్యుడు 82 ఏళ్ళ వృద్ధురాలి కాలి ధమనిలోకి ఒకదానికంటె ఒకటి లావైన గొట్టాలను దూర్చి, మూసుకొన్న దారిని వెడల్పు చేసినాడు. ఆమె పాదం కుళ్ళుతున్నది. కాలు తీసివేయవలెనని వైద్యులన్నారు, ఆమె ఒప్పుకోలేదు. కాలు దక్కినది. స్వదేశంలో డాటరును మెచ్చినవారు తక్కువ. ఐరోపాలో మాత్రం కొందరు ఆయన పద్ధతిని శ్రద్ధగా నేర్చుకొన్నారు.

వారి దారిలో వచ్చినవాడు ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్. జర్మనీలో పుట్టి స్విట్జర్లండులోని జూరిక్ ఆస్పత్రిలో పనిచేసినాడు. గొట్టం చివర చిన్న బెలూను అమర్చి, ఇరుకైన చోటికి పంపి, అక్కడ ఊది, కొవ్వును గోడకు అదిమివేయడం ఆయన ఆలోచన. ఆ బెలూన్లు అమ్మే కంపెనీ ఆనాడు లేదు. సాయంకాలం ఇంటికి వచ్చి వంటింటి బల్లమీద, భార్య, ఆస్పత్రి సహాయకురాలు తోడు కూర్చోగా, జిగురు, దారం, ప్లాస్టిక్ గొట్టాలతో ఆయన వాటిని తయారు చేసుకొన్నాడు. 1977 సెప్టెంబరు 16న మొదటిసారి మెలకువతో ఉన్న రోగి గుండె ధమనిలో దానిని ఊదినాడు. రోగికి ఇంకా నలభై నిండలేదు. పదేళ్ళ తరువాత చూచినప్పుడు కూడ ఆ నాళం తెరచుకొనే ఉన్నది. గ్రుంట్‌జిగ్ మాత్రం అది చూడలేదు. 1985లో అమెరికాలో తన విమానం తానే నడుపుకొంటూ పోయి కూలి మరణించినాడు.

బెలూను పద్ధతికి రెండు లోపాలు. బెలూను తీయగానే నాళం మళ్ళీ ముడుచుకొనడం ఒకటి. అది కొద్దిమందిలోనే అయినా, జరిగితే అప్పటికప్పుడు ప్రాణాపాయం. ఆరునెలలలో మెల్లగా మూసుకొనిపోవడం రెండవది. ఇది నూటికి 30 నుండి 40 మందిలో జరిగేది. మొదటిదానికి విరుగుడుగానే స్టెంటు వచ్చినది. కూలబోయే మట్టిబావికి లోపల ఒరలు దింపి నిలబెట్టడం వంటి పని ఇది. 1986 మార్చి 28న ఫ్రాన్సులో తులూజ్ నగరాన జాక్ పుయెల్, కొద్దివారాలలోనే స్విట్జర్లండులోని లొజాన్‌లో ఉల్‌రిక్ సిగ్‌వార్ట్, మనిషి గుండె ధమనిలో లోహపు వల గొట్టాన్ని అమర్చినారు. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేసిన జూలియో పాల్మాజ్ మరొక రకం రూపొందించినాడు. గోడకు సున్నపు గార పట్టడానికి వాడే లోహపు జాలీ ముక్క ఒకటి ఆయన కంటబడి, ఇట్లాంటిదే గొట్టంగా చుట్టితే ఎట్లా ఉంటుందని తోచినదట. అమెరికా ప్రభుత్వం 1994లో దానిని గుండె ధమనులకు అంగీకరించినది.

పంటి సిమెంటు మాట పైన ఊరక అనలేదు. స్టెంటు అనేది ఒక మనిషి పేరు. 19వ శతాబ్దంలో చార్లెస్ స్టెంట్ అనే దంతవైద్యుడు లండనులో ఉండేవాడు. పండ్లకు అచ్చు తీసే ముద్ద ఒకటి ఆయన తయారు చేసినాడు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల చర్మాన్ని నిలిపి పట్టడానికి ఒక డచ్చి శస్త్రవైద్యుడు ఆ ముద్దను వాడినాడు. అక్కడినుండి, శరీరంలో దేనినైనా నిలిపి పట్టే సాధనానికి ఆ పేరు అంటుకొన్నది. 1885లో చనిపోయిన ఆ దంతవైద్యుడు గుండె సంగతి కలలో కూడ తలచి ఉండడు.

స్టెంటుతో నాళం ముడుచుకొనిపోవడం ఆగినది. మళ్ళీ మూసుకొనిపోవడం తగ్గినదే గాని పోలేదు. 1994లో ఐరోపాలో జరిగిన ఒక ప్రసిద్ధ పరీక్షలో ఉత్త బెలూను వారిలో నూటికి 32 మందికి, స్టెంటు వారిలో 22 మందికి నాళం మళ్ళీ ఇరుకైనది. ఈసారి కారణం వేరు. లోహపు తీగ నాళపు గోడను ఒరుసుకొని గాయం చేస్తుంది. గాయమైతే శరీరం ఊరకుండదు. కొత్త కండను పెంచి పూడ్చుతుంది. మోకాలిమీద దెబ్బ మానినచోట ఎత్తుగా మచ్చ లేచినట్లే నాళంలో కూడ మచ్చకండ లేచి, స్టెంటు కన్నులగుండా లోపలికి పెరిగి, దారి మూసివేస్తుంది. అంటే దారిని మూస్తున్నది గాయాన్ని మాన్పే శక్తియే. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టితే, తరువాత జరిగినదంతా అర్థమవుతుంది.

అయితే ఆ కండ పెరుగుదలను ఆపవలెను. ఏ మందుతో? దానికి సమాధానం పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ఈస్టర్ ద్వీపంనుండి వచ్చినది. 1964 చివర కెనడానుండి ఒక వైద్యబృందం ఓడమీద ఆ ద్వీపానికి పోయి అక్కడి మట్టిని కొంత సేకరించి తెచ్చినది. మాంట్రియాలులోని ఒక మందుల కంపెనీలో సురేంద్రనాథ్ సెహగల్ అనే మన దేశస్థుడు ఆ మట్టిలోని సూక్ష్మజీవి ఒకటి తయారు చేసే పదార్థాన్ని వేరు చేసినాడు. ఆయన నేడు పాకిస్తానులో చేరిన పంజాబు ప్రాంతంలో 1932లో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, ఇంగ్లండులో డాక్టరేటు పొందినవాడు. ద్వీపానికి అక్కడివారు పెట్టుకొన్న పేరు రాపా నూయి. దానినిబట్టి మందుకు రాపమైసిన్ అని పేరు వచ్చినది. సిరోలిమస్ అనేది దాని రెండవ పేరు.

మొదట దానిని బూజుజాతి రోగాలకు మందుగా తలచినారు. శరీరపు రోగనిరోధకశక్తిని కూడ అణచివేస్తున్నదని తెలిసి కంపెనీ దానిని ప్రక్కన పడవేసినది. 1980ల తొలి సంవత్సరాలలో మాంట్రియాలు ప్రయోగశాల మూసివేసినప్పుడు సెహగల్ ఆ పదార్థాన్ని పారవేయనీయక, ఇంటికి తెచ్చి ఫ్రీజరులో దాచినాడు. కొత్త ఊరికి మారేటప్పుడు కూడ వెంట తీసుకొనిపోయినాడు. ఊళ్ళు మారేటప్పుడు ఏది పారవేయవలెనో, ఏది మూటకట్టుకొనవలెనో అనే చిక్కు మన కుటుంబాలకు బాగా తెలుసు గనుక ఈ ముచ్చట ఇక్కడ చెప్పినాము. తరువాత పై అధికారులను ఒప్పించి పని మళ్ళీ మొదలుపెట్టించినాడు. 1999లో మార్చిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండ కాపాడే మందుగా దానికి అమెరికాలో అనుమతి దొరికినది. 2003లో ఆయన కాలం చేసినాడు.

సిరోలిమస్ చేసే పని ఏమంటే, కణం రెండుగా చీలడానికి సిద్ధపడే దశలోనే దానిని నిలిపివేయడం. స్టెంటుకు కావలసినది అదే. లోహపు తీగలకు ప్లాస్టిక్ జాతి పదార్థం ఒకటి పలుచగా పూసి, అందులో ఈ మందు కలిపితే, మందు కొన్ని వారాలపాటు మెల్లగా ఊరుతూ గోడలోకి ఇంకుతుంది. 1999 డిసెంబరులో బ్రెజిలు దేశంలో సావో పాలో నగరాన ఎదువార్దో సౌజా ఇటువంటి స్టెంటును మొదటిసారి మనుషులకు వేసినాడు. 2002లో 238 మందిమీద జరిగిన పరీక్ష ఫలితం వెలువడినప్పుడు వైద్యలోకం కన్నులు నలుపుకొన్నది. ఉత్త స్టెంటు వారిలో ఆరునెలలకు నూటికి 26 మందికి పైగా నాళం మళ్ళీ మూసుకొనగా, మందు స్టెంటు వారిలో ఒక్కరికైనా మూసుకొనలేదు. సున్న! వైద్యంలో సున్న అనే అంకె చాల అరుదు. సైఫర్ అని ఆ స్టెంటుకు పేరు. సున్న అనే అర్థం ఆ మాటలోనే ఉన్నది. 2003 ఏప్రిలులో అమెరికా దానిని అంగీకరించినది.

మరుసటి సంవత్సరం పాక్లిటాక్సెల్ అనే మరొక మందు పూసినది వచ్చినది. ఆ మందు అమెరికా పడమటి అడవులలోని యూ అనే చెట్టు బెరడునుండి తీసినది. 1971లో దాని నిర్మాణాన్ని లోకానికి చెప్పిన ఇద్దరిలో ఒకరు మన్‌సుఖ్ వాణీ. మనం నివసిస్తున్న ఈ మహారాష్ట్రలోనే, నందుర్‌బారులో పుట్టి, బొంబాయిలో చదువుకొని అమెరికా వెళ్ళినవాడు. కాన్సరుకు వాడే మందు అది. కణాలు పెరగకుండ చేయడమే దాని పని కూడ.

ఇంతవరకు విజయగాథ. 2003 అక్టోబరులోనే అమెరికా మందుల శాఖ ఒక హెచ్చరిక జారీ చేసినది. కొందరిలో కొత్త స్టెంటులో రక్తం గడ్డకట్టుతున్నదని, మరికొందరిలో ఒంటికి పడని లక్షణాలు కనబడుతున్నవని దాని సారాంశం. కోట్ల రూపాయల అమ్మకం ఊపులో ఆ మాట ఎక్కువమంది చెవినపడలేదని మా అభిప్రాయం.

2004లో ఒక వ్యాసం వెలువడినది. వ్రాసినవారిలో ముఖ్యురాలు రేణు విర్మాని. ఢిల్లీలోని లేడీ హార్డింగ్ వైద్యకళాశాలలో చదివి, అమెరికాలో హృదయాల శవపరీక్షలో లోకప్రసిద్ధి పొందిన వైద్యురాలు. ఆమె బల్లమీదికి వచ్చినది 58 ఏళ్ళ మనిషి హృదయం. ఆయనకు రెండు సిరోలిమస్ స్టెంటులు వేసినారు. ఎనిమిదవ నెలలో మళ్ళీ పరీక్ష చేసి చూడగా మచ్చకండ ఏమీ పెరగలేదు. ఆ కాలపు కొలతలో అది నూటికి నూరు విజయం. అయితే ఆ పరీక్షలోనే స్టెంటు ఉన్నచోట నాళం వెడల్పవుతున్నట్లు కూడ కనబడినది. పద్దెనిమిదవ నెలలో స్టెంటులో రక్తం గడ్డకట్టి ఆయన చనిపోయినాడు. శవపరీక్షలో స్టెంటు వేసిన భాగాలు ఎన్యూరిజంగా ఉబ్బి ఉన్నవి. నాళపు గోడ తీగలనుండి దూరం జరిగిపోయినది. గోడనిండ ఎలర్జీలో కనబడే తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నవి. మందు అప్పటికి ఎప్పుడో ఇంకిపోయినది. మిగిలినది లోహం, దానిమీది ప్లాస్టిక్ పూత. శరీరం పోరాడుతున్నది ఆ పూతతోనే అని విర్మాని బృందం నిర్ణయించినది. జాగ్రత్త పడవలెనా అనే ప్రశ్నను ఆ వ్యాసం శీర్షికలోనే పెట్టినారు.

ఈ ఒక్క మనిషి కథలో ఆ ప్రకరణమంతా ఇమిడి ఉన్నది. మచ్చకండ పెరిగితే దారి మూసుకొంటుంది. ఆ పెరుగుదలను పూర్తిగా ఆపితే గాయం మానదు. మానని గాయం మీద ఒంటికి పడని పూత ఒకటి ఏళ్ళతరబడి రుద్దుకొంటూ ఉంటే, గోడ పుల్లబడి సాగిపోతుంది. పుండు మీద పొక్కు కట్టకుండ రోజూ గీకినవాడి కాలు ఏమవుతుందో మన అమ్మమ్మలకు తెలియనిది కాదు. అయితే ఇక్కడ గీకేది కనబడేది కాదు, నొప్పి తెలిసేది కాదు.

ఇతర కారణాలు కూడ ఉన్నవి. నాళానికి మించిన బెలూనును గట్టిగా ఊదినప్పుడు గోడ లోపలి పొరలు చిట్లవచ్చు. అటువంటి ఉబ్బు మొదటి నాలుగు వారాలలోనే వేగంగా పెరుగుతుంది. అందులో కొన్ని నిజమైన ఉబ్బులు కావు. గోడ చిరిగి, బయటి పొర మాత్రమే రక్తాన్ని ఆపి పట్టిన సంచులు. ఇవి ఎక్కువ ప్రమాదకరమైనవి. రెండవ రకం ఆరునెలలకో, ఏడాదికో, మరి దేనికోసమో పరీక్ష చేయగా అనుకోకుండ బయటపడేది. విర్మాని చూచినది ఈ జాతి. మూడవది చాల అరుదు. స్టెంటుకు సూక్ష్మజీవులు సోకి, జ్వరంతోపాటు వచ్చేది. 2008లో అమెరికా వైద్యులు ఈ మూడు విధాలుగా విభజించి చెప్పినారు.

ఎంతమందికి వస్తుంది? స్పెయిను దేశంలో మద్రిద్ వైద్యులు మందు స్టెంటు వేసి, తరువాత మళ్ళీ నాళాల చిత్రం తీసిన 1,197 మందిని పరిశీలించి 2009లో ప్రకటించినారు. 15 మందికి ఉబ్బు ఉన్నది. నూటికి ఒకటింబావు మాత్రమే. మొదటి పెద్ద పరీక్షలలో కొన్నింటిలో ఉత్త స్టెంటుకు, మందు స్టెంటుకు ఈ విషయంలో భేదమే కనబడలేదు. కాబట్టి భయపడవలసిన అంకె కాదు ఇది. మరొక సంగతి కూడ చెప్పవలెను. ఉబ్బిన ధమని పగలడం చాల అరుదు. అపాయం వేరొకచోట ఉన్నది. వెడల్పైనచోట రక్తం సుడి తిరిగి నిలువ ఉంటుంది. గోడకు అంటకుండ రక్తంలో తేలుతున్న తీగల చుట్టూ గడ్డకట్టుతుంది. ఆ గడ్డ నాళాన్ని మూస్తే గుండెపోటు. ఇరుకుతో మొదలైన కథ ఉబ్బుదాకా పోయి, మళ్ళీ మూతపడడంతోనే ముగుస్తుందన్నమాట.

2006 సెప్టెంబరులో బార్సిలోనాలో జరిగిన ఐరోపా హృద్రోగవైద్యుల మహాసభలో ఈ గడ్డకట్టే విషయమే పెద్ద దుమారం లేపినది. మందు స్టెంటు వేసిన ఏడాది తరువాత కూడ గడ్డలు ఏర్పడుతున్నవని, మరణాలు ఎక్కువగా ఉన్నవేమోనని కొందరు లెక్కలు చూపినారు. పత్రికలకు ఎక్కినది. అమ్మకాలు పడిపోయినవి. తరువాతి లెక్కలు మరణాల భయాన్ని చాలవరకు తగ్గించినవి గాని, ఒక నియమం స్థిరపడినది. మందు స్టెంటు వేసినవారు రక్తం గడ్డకట్టకుండ చేసే మాత్రలు రెండూ, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి, ఏడాదిపాటు వాడవలెనని అమెరికా నిపుణుల సంఘం అదే డిసెంబరులో చెప్పినది. నేటి స్టెంటులకు, రోగి స్థితినిబట్టి, ఆ గడువును వైద్యులు తగ్గించడం, పెంచడం కూడ ఉన్నది. మన ఇళ్ళలో ఒక అలవాటు ఉన్నది. పన్ను పీకించుకొనడానికో, ఊరు పోయినప్పుడు మాత్రలు అయిపోయినవనో, ఒళ్ళు తేలికగా ఉన్నదనో, వీటిని తమంతట తామే మానివేయడం. మానని గాయం, తేలే తీగ ఎట్లాంటివో పైన చదివినవారికి ఆ పని ఎంత అపాయమో వేరే చెప్పనక్కరలేదు. గడువు నిర్ణయించవలసినది వేసిన వైద్యుడే.

ఉబ్బు కనబడినప్పుడు ఏమి చేయవలెననే దానిమీద వైద్యులలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. చిన్నదిగా ఉండి, బాధ లేకపోతే మందులు వాడుతూ కనిపెట్టి ఉంటారు. పెరుగుతున్నా, చిరిగిన సంచి అని తోచినా, వలకు పలుచని గుడ్డవంటి పొర తొడిగిన స్టెంటును లోపల పరచి ఆ సంచిని దారినుండి వేరుచేస్తారు. కొన్నిచోట్ల సన్నని తీగచుట్టలు నింపి పూడ్చుతారు. అవి కుదరకపోతే రొమ్ము తెరచి బైపాసు.

స్టెంటు చేసేవారు ఊరక కూర్చోలేదు. సైఫర్ తీగ మందం 140 మైక్రాన్లు. 2008లో అమెరికాలో అంగీకారం పొందిన ఎవరోలిమస్ స్టెంటు తీగ 81 మైక్రాన్లు. పూత కూడ ఒంటికి పడే జాతిది. తరువాత కొన్ని నెలలకు తానే కరిగిపోయే పూతలు వచ్చినవి. మొత్తం స్టెంటే రెండు మూడేళ్ళకు కరిగిపోవలెనని ఒకటి చేసినారు. 2016లో అమెరికా అనుమతించినది, 2017లోనే తయారుచేసినవారు అమ్మకం ఆపివేసినారు. అందులో గడ్డకట్టడం ఇంకా ఎక్కువైనది. లోపల ఏమీ విడిచిపెట్టక, మందు పూసిన బెలూనుతో అద్ది తీసివేసే పద్ధతి కొన్ని సందర్భాలలో వాడుకలో ఉన్నది. గ్రుంట్‌జిగ్ వంటింటి బల్ల దగ్గరికి మళ్ళీ వచ్చినట్లే ఉన్నది!

మన తెలుగునాటికి కూడ ఈ చరిత్రలో చిన్న భాగం ఉన్నది. 1990లలో హైదరాబాదులో రక్షణశాఖ శాస్త్రజ్ఞులు ఏ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగవైద్యులు బి. సోమరాజు గారలు కలిసి, విదేశీ స్టెంటు ఖరీదు భరించలేనివారికోసం స్వదేశీ స్టెంటును తయారు చేయించినారు. కలాం-రాజు స్టెంటు అని దానికి పేరు. అది మందు లేని ఉత్త స్టెంటు. ఖరీదు బాధ మాత్రం దేశంలో చాలకాలం తీరలేదు. మందు స్టెంటుకు లక్ష రూపాయలకు పైగా పుచ్చుకొన్న రోజులు ఎవరూ మరవలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వపు ధరల సంస్థ ఉత్త స్టెంటుకు 7,260 రూపాయలు, మందు స్టెంటుకు 29,600 రూపాయలు గరిష్ఠ ధరగా కట్టడి చేసినది. ఆ అంకెలు తరువాత కొంచెం కొంచెం మారుతూ వచ్చినవి.

సైఫర్ తయారీ 2011తో ఆగిపోయినది. కాని వేసిన స్టెంటును మళ్ళీ తీయరు. ఆ ఎనిమిది తొమ్మిదేళ్ళలో వేయించుకొన్నవారు ఎందరో నేటికీ ఆ తీగ, ఆ పూత గుండెలో పెట్టుకొని హాయిగా తిరుగుతున్నారు. వారిలో ఎవరికైనా మళ్ళీ నొప్పి వచ్చి మరొక ఊరి ఆస్పత్రికి పోతే, వైద్యుడు మొదట అడిగే ప్రశ్నలు: ఏ సంవత్సరంలో వేసినారు, ఏ రకం, ఎంత వెడల్పు, ఎంత పొడుగు, ఏ నాళంలో. స్టెంటు వేసిననాడు ఆస్పత్రివారు ఇచ్చే చిన్న కార్డులోను, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలోను ఇవన్నీ ఉంటవి. నాళాల చిత్రం సీడీ కూడ ఇస్తారు. ఆపరేషను హైదరాబాదులో కూతురి ఇంట ఉండగా జరిగి, కాగితాలు అక్కడి బీరువాలో ఉండిపోయి, మనిషి ఇక్కడ ఉండడం మన కుటుంబాలలో మామూలు. ఈ పండుగకు రాకపోకలు జరిగేటప్పుడు ఆ కార్డును వెంట తెప్పించుకొని, ఒక నకలు తీసి, రేషన్ కార్డు పెట్టుకొనే పెట్టెలోనే పెట్టుకొనవచ్చును.